కాలువగట్టు మీద పన్నెండో నెంబరు

మిల్లు వీధి, పెన్నగట్టుపాలెం
12 మార్చి 2023

మిత్రుడు సమాధానానికి పద్మనాభయ్య రాస్తున్నది.

నీ చెవులు ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయని మీ అమ్మాయి అబిగయీలు చెప్పింది. ఫోను చేస్తే నువ్వక్కడ అరవడం, నేనిక్కడ అరవడం, ఇంట్లోవాళ్ళు నవ్వడం. దానికంటే ఉత్తరమే నయం. నా చేతిరాత కూడా పాడవకుండా ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. మిల్లు వీధిలో బతకడం కష్టమైపోయింది. కోతలు మొదలయ్యాయి. బుచ్చిరెడ్డిపాలెం మిల్లుల్లో ఖాళీ లేదని ఈ ఏడు కొడవలూరు వైపు వడ్లు కూడా ఇక్కడికే తోలుతున్నారు. తెల్లారేసరికి లారీలు మన గుమ్మాల ముందు వరసకట్టి నిలబడి ఉంటాయి. వాటి సందులోంచి ట్రాక్టర్లు. మా ఆవిడ ఆదిశేషమ్మ వాకిట్లో ముగ్గు వేసి పది రోజులైంది. మంచినీళ్ళ బిందె మీద ఊక, కూరలో ఊక. మీ అబిగయీలు బిడ్డకు దూలానికి ఉయ్యాల కట్టారు కదా, లారీ పోయినప్పుడల్లా పైనుంచి సున్నం పెళ్ళలు రాలుతున్నాయి. మీ ఇంటి తూర్పు గోడ నిలువునా చీలింది. అల్లుడు హెన్రీ పిలిచి చూపించాడు. ఆ చీలికలో నా వేలు దూరింది.

పోయిన సోమవారం మా వినీల బడికి పోతుంటే ట్రాక్టరు ట్రక్కు రాసుకుంటూ పోయింది. పిల్ల సైకిలు వదిలేసి సైడుకాలువలోకి దూకింది కాబట్టి బతికింది. గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. సైకిలు చక్రం కింద అణిగిపోయింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు సమాధానం. మనవరాలు గుమ్మం దాటితే గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాను.

అందుకని నగర పంచాయతీకి అర్జీ రాశాను. నలభై మూడు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. కమిషనరు చదివి, "పెద్దాయనా, లారీలు ఇటు వద్దంటే సరిపోదు. ఎటు పోవాలో కూడా మీరే చెప్పండి" అన్నాడు.

ఈ ఊళ్ళో అది చెప్పగలిగినవాడు నేను కాక ఇంకెవరున్నారు? ముప్పై ఒక్క ఏళ్ళు పంచాయతీ గుమస్తాగా రంగు డబ్బా పట్టుకుని ఇంటింటికీ నెంబరు వేసినవాణ్ణి. ఇళ్ళ నెంబర్ల రిజిస్టరు నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తీసి చూశాను. కాలువగట్టు రోడ్డు మార్కెట్ యార్డు నుంచి మిల్లు వెనక గేటుకు తిన్నగా పోతుంది. రిజిస్టరు ప్రకారం ఆ గట్టు మీద ఉన్నవి పదకొండు ఇళ్ళు, 4-1 నుంచి 4-11 దాకా. మన వీధిలో నూట ఆరు. ఎక్కడ ఎక్కువమందికి ఇబ్బందో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. అదే రాసిచ్చాను.

నీతో ఒక పని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గట్టు మీద టపా సంచి మోసినవాడివి. పోస్టుమాన్ మాటంటే ఆఫీసులో విలువ ఉంటుంది. ఆ దారి లారీలకు పనికొస్తుందని ఒక కాగితం రాసి సంతకం పెట్టి పంపు. అర్జీకి జతచేస్తాను.

నీ పద్మనాభయ్య


చిట్టమూరు
20 మార్చి 2023

ప్రియమైన పద్మనాభానికి,

ప్రభువు రోజూ నన్ను లేపి కూర్చోబెడుతూనే ఉన్నాడు. చెవులు మాత్రం ముందుగానే వెనక్కి తీసుకున్నాడు. చర్చిలో పాటకు అందరూ లేచినప్పుడు లేస్తాను, కూర్చున్నప్పుడు కూర్చుంటాను. మధ్యలో ఏం పాడారో నాకూ దేవుడికీ సంబంధం లేదు.

వినీల సంగతి చదివి ప్రాణం ఉసూరుమంది. పిల్ల తెలివిగలది, దూకింది. గడ్డం కింద మచ్చ పెద్దయ్యాక కనపడదని చెప్పు, ఏడవకుండా ఉంటుంది. అబిగయీలు కూడా గోడ ఫోటో తీసి ఇక్కడి మా తమ్ముడి కొడుకు ఫోనుకు పంపింది. ఆ గోడకు నేను ఇరవై రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసి తడిపాను. దాని కింద ఇప్పుడు నా మనవడు పడుకుంటున్నాడు.

నువ్వడిగిన కాగితం ఇందులో పెట్టాను. మూడుసార్లు రాసి చించి, నాలుగోసారి రాసింది ఇది. "కాలువగట్టు రోడ్డు వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. ఆ దారిలో బడి లేదు, ఆసుపత్రి లేదు, ప్రమాదకరమైన మలుపులు లేవు. వానాకాలంలో కూడా నేను సైకిలు దిగకుండా ప్రయాణం చేశాను." ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఇళ్ళ లెక్క మాత్రం నేను రాయలేదు. నెంబర్లు వేసినవాడివి నువ్వు. అది నీ అర్జీలో ఉంది కదా, మధ్యలో నా నోరెందుకు?

గట్టు మీద ఎలిశబెతు దోసెలంగడి ఇంకా నడుస్తోందా? "సమాధానమన్నా, మాకు ఉత్తరం లేకపోతే మానె, దోసె తినిపో" అనేది. ఏనాడూ డబ్బు తీసుకోలేదు. నీకు ఆవిడ గుర్తుందో లేదో.

ఆదిశేషమ్మను అడిగానని చెప్పు.

సమాధానం


మిల్లు వీధి, పెన్నగట్టుపాలెం
28 మే 2023

సమాధానానికి,

గెలిచాం. కౌన్సిలు తీర్మానం చేసింది. వీధి రెండు చివర్లా ఇనప కమ్మీలు పాతి, భారీ వాహనాలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. లారీలన్నీ గట్టు రోడ్డున పోతున్నాయి.

మన వీధిని ఇప్పుడు చూడాలి నువ్వు. సాయంత్రమైతే నులక మంచాలు బయటికి వచ్చేస్తున్నాయి. వినీల మళ్ళీ సైకిలెక్కింది. అబిగయీలు బిడ్డ మధ్యాహ్నం మూడు గంటలు కదలకుండా నిద్రపోతున్నాడట. హెన్రీ చీలికలో సిమెంటు పెట్టించాడు. వీధివాళ్ళంతా కలిసి నాకు శాలువా కప్పారు. వద్దు వద్దన్నాను గానీ, కప్పేటప్పుడు తల వంచిన మాట నిజమే.

కమిషనరు ఆఫీసులో అందరి ముందు, "అర్జీ అంటే ఇలా ఉండాలి, రిజిస్టరు చూపించి మరీ రాశారు" అన్నాడు. రిటైరై పధ్నాలుగేళ్ళయ్యాక ఆ మాట వినడం ఎంత బాగుందో నీకు చెప్పలేను. నీ కాగితం కూడా బాగా పనిచేసింది. తీర్మానంలో 'మాజీ పోస్టుమాన్ ధ్రువీకరించిన మేరకు' అని రాశారు.

లారీలు ఎదురెదురు వస్తే ఇరుకవుతోందని గట్టు రోడ్డును ఇంకా వెడల్పు చేస్తారట. పక్కన ఏవో గుడిసెలు అడ్డం ఉన్నాయని నోటీసులు అంటించారు. నేను రిటైరయ్యాక లేచినవై ఉంటాయి. నాకు మోకాళ్ళ నొప్పి కదా, అటు వెళ్ళి చూడలేదు.

వీలైతే ఒకసారి రా. నీ ఇంటి అరుగు మీద నిన్ను కూర్చోబెట్టి, ఈ నిశ్శబ్దం వినిపిద్దామనుకున్నాను. నీకు వినిపించేదేముందిలే, చూద్దువుగాని.

పద్మనాభయ్య


చిట్టమూరు
15 జూన్ 2023

పద్మనాభానికి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయడానికి కూర్చుంటాను, లేస్తాను.

ఆ ఇళ్ళు నువ్వు రిటైరయ్యాక లేచినవి కావు. అది నీకు తెలుసు, నాకూ తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన ఎనభై తొమ్మిదికే సగం ఇళ్ళున్నాయి. తర్వాత తర్వాత నెంబరు లేనివే యాభై నాలుగయ్యాయి. 4-11 ఏమిటో గుర్తుందా? మిల్లు యజమాని గొడ్లసావిడి. అందులో మనిషి లేడు. కానీ గట్టు మీద నేను ఎక్కువ ఉత్తరాలు ఇచ్చింది ఆ నెంబరుకే. వాళ్ళెవరికీ నెంబర్లు లేవు కాబట్టి అందరూ 'కేరాఫ్ 4-11' అని రాయించుకునేవాళ్ళు. సావిడి ముందు సైకిలాపి బెల్లు కొడితే చాలు, గట్టు పొడుగునా తలుపులు తీసుకుని వచ్చేవాళ్ళు. పిల్లల హాల్‌టికెట్లు, ఉద్యోగం కాగితాలు, చావు కబుర్లు, అన్నీ ఆ గొడ్ల పేరు మీదనే వచ్చాయి.

మూడుసార్లు రాసి చించానని చెప్పాను కదా. మొదటిసారి రాసినప్పుడు యాభై నాలుగు ఇళ్ళని రాశాను పద్మనాభం. అప్పుడే తమ్ముడి కొడుకు ఆ చీలిన గోడ ఫోటో మళ్ళీ చూపించాడు. చించేశాను. ఇంకెవరైనా చెబుతారులే, ఆఫీసువాళ్ళు పోయి చూస్తారులే అనుకున్నాను. నా మనవడి ఉయ్యాల మీద సున్నం రాలకపోతే చాలనుకున్నాను. అబద్ధం రాయలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ప్రభువు ముందు ఆ మాట నిలబడదు.

నీ కాలు నొప్పి నాకు తెలుసు. అయినా ఒక్కసారి వెళ్ళు. నీ కళ్ళతో చూసి, కమిషనరుకు నిజం చెప్పు.

సమాధానం


మిల్లు వీధి, పెన్నగట్టుపాలెం
9 జులై 2023

సమాధానానికి,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నాకు చెప్పేంతవాడివా నువ్వు అనుకుని మడిచి రిజిస్టరు కింద పెట్టేశాను. పదిహేను రోజులు అట్లాగే ఉంచాను. నిన్న హెన్రీ బండి మీద గట్టుకు వెళ్ళాను.

లారీకీ గుమ్మానికీ మధ్య రెండడుగుల దూరం లేదు. పిల్లల్ని నడుముకు చీర పేలిక కట్టి గుంజకు కట్టేస్తున్నారు, రోడ్డు మీదికి పోకుండా. నేను మన వీధి గురించి అర్జీలో ఏమేమి రాశానో అవన్నీ అక్కడ చూశాను. ఊక, దుమ్ము, గోడల చీలికలు. అవి మట్టిగోడలు కాబట్టి చీలి ఊరుకోలేదు, కొన్ని కూలాయి కూడా.

ఎలిశబెతు నన్ను గుర్తుపట్టింది. "రాండయ్యా, కూర్చోండి. కాలెట్లుంది?" అని బల్ల తుడిచింది. ఆమె గుమ్మం పైన ఒక రేకు వేలాడుతోంది. దాని మీద ఏమీ లేదు. ఎండకు మాసిన ఉత్త రేకు.

ఆ రేకు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. తొంభై ఆరులో ఆమె మూడుసార్లు పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. మూడోసారి ఆ రేకు పట్టుకొచ్చింది. కత్తిరించి, మూలలు గుండ్రంగా కొట్టించి, తగిలించడానికి బెజ్జం కూడా పొడిపించి తెచ్చింది. "రేకు నేనే తెచ్చినానయ్యా. మీరు నెంబరొకటి వేసిస్తే చాలు" అంది. పోరంబోకు స్థలం, రూలు ఒప్పుకోదమ్మా అన్నాను. గొడ్లసావిడి ఉన్నది కూడా ఆ పోరంబోకులోనే. మిల్లు యజమాని కబురు పెట్టిన సాయంత్రమే రంగు డబ్బా తీసుకుని వెళ్ళి 4-11 వేసి వచ్చాను. ఆమెకు వేయకపోవడానికి కారణం అడిగితే ఏం చెప్పను? పైవాళ్ళంటే భయం ఉంది, బద్ధకం ఉంది. అడగ్గానే వేసేయాలా అనే మొండితనం కూడా ఉంది. ఆ రోజు రంగు డబ్బా నా బల్ల మీదే ఉంది సమాధానం, మూత తీసే ఉంది.

నిన్న ఆ రేకు వైపు చూస్తూ, "అమ్మా, ఇప్పుడైనా నేను పోయి చెబుతాను" అన్నాను.

"ఇప్పుడు నెంబరెందుకులే అయ్యా. జేసీబీ వాడు నెంబరు చూసుకొని వస్తాడా యేంది" అంది. కోపంగా కూడా అనలేదు.

అక్కణ్ణించి తిన్నగా కమిషనరు దగ్గరికి పోయాను. ఆయన ఫైలు తీసి నా అర్జీ ముందు పెట్టాడు. "ఇది మీ రాతే కదా? పదకొండు ఇళ్ళని రాశారు. పని మొదలుపెట్టాక ఇప్పుడు ఇంకో యాభై నాలుగంటే ఆధారమేది?" అన్నాడు. నా రాత అంత అందంగా ఉండటం అప్పుడు నాకే అసహ్యమేసింది.

ఆధారం నీ దగ్గరే ఉంది. ఏ ఇంట్లో ఎవరు, ఎప్పటినుంచి ఉన్నారో రాసి పంపు. అడ్డంపడి అయినా ఆపాలి, లేదా వాళ్ళకు వేరే చోట స్థలమైనా ఇప్పించాలి.

పద్మనాభయ్య


చిట్టమూరు
2 ఆగస్టు 2023

పద్మనాభానికి,

పేర్లు పంపుతున్నాను. నాలుగు రోజులు పట్టింది. కళ్ళు మూసుకుని గట్టు ఈ చివర సైకిలెక్కాను. ఒక్కో గుమ్మం ముందు ఆగి, ఎవరు బయటికి వస్తారో చూసి రాసుకున్నాను. కొందరు చిన్నపిల్లలుగానే వచ్చారు, ఇప్పుడు వాళ్ళకే పిల్లలుండి ఉంటారు.

యాభై రెండు వచ్చాయి. రెండిళ్ళవాళ్ళ పేర్లు ఎంత తన్నుకున్నా రాలేదు. ముఖాలు కనిపిస్తున్నాయి, పేర్లు లేవు. తర్వాత తెలిసింది ఎందుకో. ఆ రెండిళ్ళకూ ఎన్నడూ ఉత్తరం రాలేదు.

కాగితం అడుగున, నేను మార్చిలో రాసిచ్చింది సగం నిజమేనని, మిగతా సగం దాచానని కూడా రాసి సంతకం పెట్టాను. సిగ్గుపడి ఆ వాక్యం తీసెయ్యకు.

సమాధానం


మిల్లు వీధి, పెన్నగట్టుపాలెం
18 డిసెంబరు 2023

సమాధానానికి,

ఇన్ని నెలలు రాయలేదు. రాయడానికి మంచి కబురేదైనా వస్తుందేమోనని చూశాను.

నీ పేర్ల కాగితం ఇచ్చాను. కమిషనరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఇది ఆ పోస్టుమాన్ సంతకమే, అదీ ఆ పోస్టుమాన్ సంతకమే. ఏది నమ్మమంటారు?" అన్నాడు. కలెక్టరు గారికి అర్జీ పెట్టాను. మన వీధిలో సంతకాలకు తిరిగాను. మార్చిలో నలభై మూడు సంతకాలు ఒక్క పూటలో వచ్చాయి. ఈసారి ఐదు వచ్చాయి. అందులో మీ అబిగయీలుది మొదటిది, హెన్రీది రెండోది. మిగతావాళ్ళు, "లారీలు మళ్ళీ ఇటు తిరిగితే ఎట్లా పద్మనాభయ్య గారూ?" అన్నారు. నాకు శాలువా కప్పినవాళ్ళే అన్నారు. నేను వాళ్ళను తిట్టలేకపోయాను.

నవంబరు ఇరవయ్యో తేదీన జేసీబీలు వచ్చాయి. సాయంత్రానికి గట్టు చదునైపోయింది. నెంబరున్న పదకొండింటికీ కొత్త లేఅవుట్‌లో స్థలం ఇచ్చారు. గొడ్లసావిడికి కూడా ఇచ్చారు. మిగతావాళ్ళు రికార్డులో లేరు కాబట్టి వాళ్ళకేమీ లేదు.

మన వీధి బాగుంది. ఆదిశేషమ్మ ముగ్గు వేస్తోంది. వినీలకు సైకిలు పందెంలో బహుమతి వచ్చింది. నేను ప్రార్థించినవన్నీ జరిగాయి. అయినా అరుగు మీద కూర్చోలేక లోపలే ఉంటున్నాను.

కూల్చడానికి వారం ముందు ఎలిశబెతుకు ఒక ఉత్తరం వేశాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక టపాలో వేశాను. కొత్త పోస్టుమాన్ దాని మీద ఎర్ర సిరాతో 'ఇట్టి ఇంటి నెంబరు లేదు' అని రాసి వెనక్కి తెచ్చిచ్చాడు. ఆమె ఇప్పుడెక్కడుందో ఇక్కడ ఎవరూ చెప్పలేకపోతున్నారు. అంటించిన కవరు అంటించినట్టే ఇందులో పెట్టాను. ఉత్తరం చేర్చడం నీకు తెలిసిన పని. నాకోసం ఈ ఒక్కటి చేర్చు.

పద్మనాభయ్య


చిట్టమూరు
11 ఫిబ్రవరి 2024

ప్రియమైన పద్మనాభానికి,

నీ ఉత్తరం చేర్చాను.

మన ఊరి చర్చిలో అడిగితే ఒకరు కొడవలూరు అన్నారు. అక్కడ రెండు రోజులు తిరిగాను. నెంబరు లేని మనిషిని వెతకడం నాకు అలవాటే గానీ, వీధి కూడా లేని మనిషిని వెతకడం ఇదే మొదలు. చివరికి హైవే పక్కన దొరికింది. ఒక షెడ్డు ముందు తాటాకు పందిరి వేసుకుని దోసెలు పోస్తోంది. తినేవాళ్ళంతా లారీ డ్రైవర్లే. ఆ పాత రేకు పొయ్యి పక్కన నిలబెట్టి ఉంది, గాలికి మంట ఆరకుండా.

నన్ను చూసి, "సమాధానమన్నా, నువ్వేంది యీడ?" అంది. పెదవులు చూసి కనుక్కున్నాను. కవరు ఇచ్చాను. చదవడం రాదు కదా, ఎప్పటిలాగా నన్నే చదవమంది. కవరు అంచు చించి చదివాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు. 'గొడ్లసావిడికి నెంబరు వేసిన చేత్తో నీ ఇంటికి వేయలేకపోయాను, తప్పు రూలుది కాదు, నాది' అని నువ్వు రాసిన చోట తలెత్తి చూస్తే, డ్రైవర్లందరూ తినడం ఆపి నా వైపే చూస్తున్నారు. నీ క్షమాపణ హైవే మీద అందరూ విన్నారు. ఆపకుండా చివరిదాకా చదివాను.

నా కాగితం గురించి నువ్వు అందులో ఒక్క మాట రాయలేదు. నన్ను కాపాడావు. నేనే చెప్పేశాను. గోడ ఫోటో చూసి చించేశానని కూడా చెప్పాను. ఆమె పెనం మీద దోసె తిరగేసి, నాకు రెండు పెట్టింది. తిని, అలవాటు ప్రకారం లేవబోయి, ఆగి జేబులోంచి డబ్బు తీశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏనాడూ తీసుకోనిది, ఈసారి తీసుకుంది.

తర్వాత కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా చెవి దగ్గరికొచ్చి, "దీని మీద యేమని రాసినాడన్నా ఆయన?" అని అడిగింది.

నేనూ అప్పుడే సరిగా చూశాను. కేరాఫ్ 4-11 అని రాసి ఉంటే ఆ ఉత్తరం నవంబరులోనే ఆమెకు చేరేది పద్మనాభం. ఆ సంగతి నీకూ తెలుసు. అయినా నువ్వు అలా రాయలేదు. చదివి చెప్పాను. "ఎలిశబెతు గారికి, ఇంటి నెంబరు 4-12, కాలువగట్టు, పెన్నగట్టుపాలెం."

"పన్నెండా?" అంది. వేలితో ఆ అంకెలు ఎక్కడున్నాయో చూపించమంది. చూపించాను. ఎర్ర సిరాతో ఉన్న ముక్క ఏమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు.

క్షమించానని చెప్పమందా అని నువ్వు అడుగుతావు. అట్లాంటిదేమీ అనలేదు. నేనూ అడగలేదు.

నేను బయలుదేరుతుంటే ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది. "ఇది విన్నాను కదన్నా, ఆయనకే ఇచ్చేయ్" అంది. కవరు మాత్రం ఇవ్వలేదు. చెయ్యి పైటకు తుడుచుకుని, దాన్ని జాగ్రత్తగా బియ్యం డబ్బాలో పెట్టుకుంది.

నీ ఉత్తరం ఇందులో పెట్టి పంపుతున్నాను.

సమాధానం